చింతపండు జీతం, తరుగు పోను

మా నాయన వేసిన లెక్క వినడానికి ఎంత బాగుండేదో! డాక్టరుకు రోజుకు వంద రూపాయలు వస్తాయి. ఆ డాక్టరు పక్కనే నిలబడి రక్తం చూసేవాడికి అందులో సగమైనా రాదా? సరే, సగం వద్దు, పావు వేసుకుందాం. పావు అన్నా నెల తిరిగేసరికి ఏడున్నర వందలు. ఎనభైల మొదట్లో మా తల్లాడ చుట్టుపక్కల ఏడున్నర వందలు తెచ్చే కొడుకంటే మాటలా? బడిపంతులు కూడా లేచి కుర్చీ జరిపేవాడు.

ఈ లెక్కలో ఒక్కటే లొసుగు. పక్కన నిలబడ్డవాడికి డాక్టరు ఇవ్వాలి కదా, ఇస్తాడా అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఇంటర్మీడియట్ అత్తెసరు మార్కులతో గట్టెక్కి, పొద్దున లేస్తే ఏం చేయాలో తెలియక, రోడ్డు మీది హోటల్లో టీ తాగుతూ వచ్చే పోయే బస్సుల బోర్డులు చదువుకునేవాణ్ణి. అలాంటివాడికి తెల్లకోటు వేస్తామంటే కూర్చుని లెక్కలు సరిచూసుకుంటాడా?

అసలు ఈ తెల్లకోటు ఆలోచన మా ఇంట్లో పుట్టింది కాదు. ఖమ్మంలో మా మిర్చి కొనే అడ్తి సావుకారు బుర్రలో పుట్టింది. మాలాంటి చిన్న రైతులకు అడ్తి అంటే సగం బ్యాంకు, సగం పోలీస్ స్టేషన్. విత్తనాలకూ మందులకూ డబ్బు ఆయనే ఇస్తాడు. పంట వచ్చాక బస్తాలు ఆయన దుకాణానికే తోలాలి, ఆయన కాటా మీదే తూచాలి, ఆయన చెప్పిన ధరకే వదిలేయాలి. బాకీ ఉన్నవాడు పక్క దుకాణం వైపు తల తిప్పి చూసినా ద్రోహమే. పక్క దుకాణం వాళ్ళు కూడా వాణ్ణి పిలవరు. అది వాళ్ళలో వాళ్ళకున్న కట్టు.

ఓ ఏడాది నాయన మిర్చి అమ్మడానికి పోయినప్పుడు సావుకారు అడిగాడట.

"పెద్దోడు ఏం చేస్తుండు?"

"ఇంటరైంది సావుకారూ. ఖాళీగనే ఉంటుండు."

"ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేపియ్యరాదు? రెండేండ్లే. భద్రాచలం దిక్కు మలేరియా ఉన్నన్ని దినాలు వానికి పనికి కొదవుండదు. ఆ మలేరియా ఇప్పట్ల పోయేదా ఏంది?"

మలేరియా మీద అంత నమ్మకం పెట్టుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఫీజు ఏడు వేలు. సావుకారు అప్పటికప్పుడు ఇస్తానన్నాడు. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ. తాకట్టుగా మాత్రం మా అమ్మ భూమి కాగితం కావాలన్నాడు. వాగు పక్కన ఎకరంన్నర, అమ్మకు పెళ్ళిలో పుట్టింటివాళ్ళు ఇచ్చింది. మాకున్న చెలకల్లో మిర్చి నిజంగా పండేది అందులోనే. ఐదో పంట అమ్మేసరికి బాకీ తీరితే కాగితం తిరిగి ఇచ్చేస్తాడు. తీరకపోతే భూమి ఆయనది.

అమ్మ పొయ్యి దగ్గరి నుంచి లేవకుండానే గొంతెత్తింది.

"భూమి నాది. సదువు వానిది. అప్పు నీదంటివి. లాభం ఎవలదో అది గూడ చెప్పు."

"వాడు నీ కొడుకు కాదే?"

"కొడుకే. గందుకే భయం."

అయినా మరుసటి వారం సావుకారు దుకాణంలో కూర్చుని బొటనవేలు ముద్ర వేసింది. ఇంటికొచ్చాక ఆ సిరా మరక పోయేదాకా కుంకుడుకాయతో రుద్ది రుద్ది కడుక్కుంది. అప్పటి నుంచి నేను ఇంటికి ఎప్పుడు పోయినా అమ్మ మొదటి మాట ఒకటే. తిన్నావా అని కాదు, చిక్కిపోయావని కాదు. "నా కాయితం ఎప్పుడొస్తదిరా?"

కోర్సు సంగతి చెప్పుకోవాలంటే నవ్వూ వస్తుంది, ఒళ్ళూ మండుతుంది. ఖమ్మంలో ఒక సైకిల్ షాపు పైన మేడ. ఆ మేడ సావుకారు బామ్మర్దిది. కోర్సు కూడా ఆయనదే. అంటే మా ఏడు వేలు సావుకారు గల్లాపెట్టెలోంచి బయల్దేరి, మా నాయన చేతిలో కాస్త గాలి పీల్చుకుని, రోడ్డు దాటి, మెట్లెక్కి, మళ్ళీ ఆ ఇంటి సొమ్మే అయింది. మాకు మిగిలింది వడ్డీ. ఈ మాట నాయనతో అంటే, "మంచిదే గదరా, తెలిసినోళ్ళు" అన్నాడు. మా నాయన మంచితనం ముందు ఎవరి తెలివీ నిలవదు.

మేడ మీద మైక్రోస్కోపు ఒక్కటే. దానికి తువ్వాల కప్పి, పక్కనే ప్రిన్సిపాలు గారు కాపలా కూర్చునేవారు. మేం వరసలో నిలబడి ఒక్కొక్కరం కన్ను ఆనించాలి. "కనిపించిందా?" అంటే "కనిపించింది సార్" అనాలి. చాలా రోజులు నాకు నా కనురెప్ప వెంట్రుకలు తప్ప ఏమీ కనిపించలేదు. అవే మలేరియా పురుగులు కాబోలనుకుని బొమ్మ కూడా గీసి చూపించాను. ప్రిన్సిపాలు గారు బాగుందన్నారు. రెండో ఏడు సర్కారు దవాఖానాకు ప్రాక్టికల్స్‌కు పంపారు కాబట్టి, అక్కడివాళ్ళు తిట్టి తిట్టి పని నేర్పారు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఈపాటికి ఎంతమంది కనురెప్పలకు మందులు ఇప్పించేవాణ్ణో!

సర్టిఫికెట్ చేతికొచ్చిన ఆదివారం మా ఊరి చర్చిలో అయ్యగారు ప్రార్థనలో మమ్మల్ని ప్రత్యేకంగా తలుచుకున్నారు. "ప్రభువా, ఈ బీద కుటుంబంలోంచి ఒక డాక్టరును లేపినావు, నీకే స్తోత్రం" అన్నారు. నేను కళ్ళు తెరిచి నాయన వైపు చూశాను, కాదని చెప్తాడేమోనని. నాయన కళ్ళు గట్టిగా మూసుకుని అందరికంటే పెద్దగా "ఆమెన్" అన్నాడు. అప్పటికి ఏడో తరగతి చదువుతున్న మా చెల్లె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ ప్రార్థన అయ్యేదాకా నవ్వుతూనే ఉంది.

ఇక ఉద్యోగం. ఖమ్మంలో అడిగితే అనుభవం ఉందా అన్నారు. ఉద్యోగం ఇస్తే కదా అనుభవం వచ్చేదంటే తలుపు చూపించారు. చివరికి భద్రాచలంలో ఒక ప్రైవేటు డాక్టరు రమ్మన్నాడు. ఆయన గోదావరి కింది జిల్లా మనిషి. ఇంటి ముందు రేకుల వసారా దించి నర్సింగ్ హోం అని బోర్డు పెట్టాడు. నా ల్యాబ్ మెట్ల కింద. లేచి నిలబడితే తల తగిలేది కాబట్టి రోజంతా వంగే ఉండేవాణ్ణి. అందువల్ల నేను చాలా వినయం గలవాణ్ణని డాక్టరుకు మంచి అభిప్రాయం.

జీతం నాలుగు వందలు. గది కిరాయి, మెస్సు కలిపి రెండు వందల యాభై. మిగిలేది నూట యాభై. ఏడు వేలకు నెల వడ్డీ రెండు వందల పది. చూశారా విడ్డూరం! నేను ఒళ్ళు వంచి మిగిల్చేదానికంటే నా అప్పు కూర్చుని సంపాదించేది ఎక్కువ. దానికి మెస్సు ఖర్చు లేదు, జ్వరం రాదు, ఆదివారాలు కూడా డ్యూటీ చేస్తుంది. తక్కువ పడ్డది ప్రతి ఏడూ మిర్చి కట్టేది. కోర్సుకే రెండు పంటల కాలం పోయింది కాబట్టి ఇంకా మూడు పంటలే గడువు.

పనికి మాత్రం కొదవ లేదు, సావుకారు మాట సావుకారుదే. దుమ్ముగూడెం వైపు నుంచి, అడవి లోపలి గూడేల నుంచి జ్వరాలతో వణుకుతూ వచ్చేవాళ్ళు. నేను వేలు పొడిచి, గాజు పలక మీద రక్తపు చుక్క పరిచి, ఆరబెట్టి, రంగు వేసి, కడిగి, మైక్రోస్కోపు కింద చూసి, రిపోర్టు రాసుకుని వంగిన నడుంతోనే పరిగెత్తేవాణ్ణి. అప్పటికే డాక్టరు సూది పొడిచి, మాత్రలు చేతిలో పెట్టి, రోగిని పంపించేసి ఉండేవాడు.

"సార్, రిపోర్టు."

"ఏమొచ్చింది?"

"మలేరియా లేదు సార్."

"ఇచ్చిన మాత్రలకి పోయుంటుందిలే."

టెస్టుకు ఫీజు మాత్రం విడిగా, ముందే తీసుకునేవాడు. నేను చూసినా చూడకపోయినా ఆ ఊళ్ళో జ్వరాలు ఒకే తీరుగా తగ్గేవి. నా చదువు మొత్తం ఆ మెట్ల కింద నాకు తప్ప ఇంకెవరికీ అక్కర్లేకుండా నడిచేది.

ఎండాకాలం వచ్చేసరికి అసలు కథ మొదలైంది. అడవి లోపలి మనుషుల దగ్గర ఆ కాలంలో డబ్బుండదు, చింతపండు ఉంటుంది. చెట్లు దులిపి, పెంకు ఒలిచి, గింజ తీసి, గంపల్లో నెత్తిన పెట్టుకుని వచ్చేవారు. డాక్టరు ఫీజు కింద అదే పుచ్చుకునేవాడు. వెనక గది నిండిపోయేది. నర్సింగ్ హోంలో మందుల వాసన పోయి పులుపు వాసన నిలిచింది. నెలాఖరుకు జీతం అడిగితే డాక్టరు రెండు వందలు చేతిలో పెట్టి వెనక గది వైపు వేలు చూపించాడు.

"మిగతా రెండు వందలకి కిలో ఐదు లెక్కన పట్టుకుపో. బయట ఆరు పలుకుతోంది, నీకని తగ్గించా."

"సార్, నేను చింతపండు ఏం చేసుకోను?"

"మరి నేనేం చేసుకోనయ్యా? మూడు పూటలా పులుసు తాగమంటావా?"

నలభై కిలోల జీతం. ఎత్తబోతే నడుం కలుక్కుమంది. అంతవరకు బరువైన జీతం అందుకోవాలని కోరుకున్నవాణ్ణే, ఇలా తీరుతుందనుకోలేదు. రెండు వందల నగదుతో మెస్సు బాకీ తీరక, మెస్సాయనకు కూడా కొంత చింతపండే కొలిచి ఇచ్చాను. ఆ నెలంతా మెస్సులో పప్పు మాయమై చారు పారింది. తోటివాళ్ళు నన్ను మింగేసేలా చూశారు.

ఆ చింతపండులో ఒక గంప ఎక్కడిదో నాకు తెలుసు. ఓ రోజు ఒక కోయ ముసలమ్మను ఆమె కూతురు పట్టుకుని తీసుకొచ్చింది. వేలు పొడిచి రక్తం తీసి పొమ్మన్నాను. ముసలమ్మ కదల్లేదు. తమ భాషలో ఏదో అంది. కూతురు చెప్పింది.

"నా నెత్తురు నాకు చూపియ్యాలె అంటుంది సారూ."

అంతవరకు ఆ మాట ఎవరూ అడగలేదు. ముక్కాలి పీట మీద కూర్చోబెట్టి, మైక్రోస్కోపు సరిచేసి చూపించాను. ఇదిగో, ఇక్కడ ఉంగరంలా ఉందే, అదే నీ జ్వరం అన్నాను. ముసలమ్మ ఒక కన్ను చేత్తో మూసుకుని చాలాసేపు చూసింది. తల ఎత్తి, వాకిట్లో పెట్టిన గంప వైపు చూసి, ఏదో అంది. కూతురికి నవ్వాగలేదు.

"గంత చిన్నదానికి గింత చింతపండా అంటుంది."

నేనూ నవ్వాను. కానీ లోపల చివుక్కుమంది. ఎండలో చెట్టెక్కి దులిపిన పండు అది. ముసలమ్మకు మాత్రలు ఇచ్చారు, జ్వరం తగ్గే ఉంటుంది. ఆ గంప మాత్రం నెల తిరిగేసరికి నా జీతంలో కలిసింది.

ఆ శనివారం బస్తా బస్సు మీదికి ఎక్కించి ఇంటికి బయల్దేరాను. ఒంటి మీద తెల్లకోటు. ఇది నాయన ఆజ్ఞ. "ఇంటికొచ్చినప్పుడు కోటు ఏసుకొనే రా. సావుకారు మనుషులు చూస్తుంటరు, మనకు సంపాదన ఉందని తెల్వాలె" అనేవాడు. మండుటెండలో, చెమటతో, కోళ్ళ గంపల మధ్య తెల్లకోటు వేసుకుని కూర్చునేవాణ్ణి. వంతెన దాటి బూర్గంపాడు అడ్డరోడ్డు దగ్గర చెక్‌పోస్టులో బస్సు ఆపారు. అడవి సరుకు కాగితం లేకుండా బయటికి పోకూడదు. ఖాకీ చొక్కా ఆయన బస్సు పైకెక్కి నా బస్తా దింపించాడు.

"ఇది ఎవలది?"

"నాది."

"ఏముంది ఇందుల?"

"జీతం."

ఆయన మూతి విప్పి చెయ్యి పెట్టి చూశాడు.

"ఇది చింతపండు."

"అవ్. అదే జీతం."

"నువ్వేం పని చేస్తవ్?"

"రక్తం చూస్త."

"చూసి?"

"డాక్టరుకు చెప్త."

"చెప్తే చింతపండిస్తడు?"

"అవ్."

ఆయన నా కోటును పైకీ కిందికీ చూసి పక్కనున్నాయన వైపు తిరిగాడు. "ఇన్నేండ్ల సర్వీసుల చింతపండు దొంగలు చెప్పిన అబద్ధాలు శానా విన్న. గిసుంటి పిచ్చి అబద్ధం ఎవడూ చెప్పలే. ఇది నిజమే అయ్యుంటది, పోనియ్" అన్నాడు. బస్సంతా గొల్లున నవ్వింది. పోనిచ్చే ముందు పులుసులోకని దోసెడు తీసుకున్నాడు. కొత్తగూడెం దాకా నా పక్కన కూర్చున్న ముసలాయన, "నీకు పెళ్ళయిందా బిడ్డా?" అని అడిగి, కాలేదంటే, "మంచిదైంది" అన్నాడు.

ఇంటికి చేరితే చెల్లె గడపలోనే ఎదురొచ్చి బస్తా తడిమి చూసింది.

"అమ్మా, అన్న జీతం వచ్చిందే! ఉప్పు చల్లి ఎండల పెట్టు, లేకుంటే పురుగు పడ్తది."

"నోర్ముయ్యవే."

"నాకేంది, ఊర్ల ఏ ఇంట్ల ఉన్నడు గింత పుల్లటి కొడుకు?"

అమ్మ మాత్రం నవ్వలేదు. నీళ్ళ చెంబు చేతికిస్తూ అడగాల్సింది అడిగింది. నా కాయితం ఎప్పుడొస్తదిరా?

సోమవారం నాయనా నేనూ బస్తా వేసుకుని ఖమ్మం పోయాం. సావుకారు మిర్చితో పాటు చింతపండూ కొంటాడు. బాకీ ఉన్నవాళ్ళం, ఇంకెక్కడికి పోతాం? నన్ను చూడగానే, "డాక్టర్ సాబు వచ్చిండు, కుర్చీ ఎయ్యండ్రి" అని కేకేశాడు. కుర్చీ అయితే వేశారు. కాటా మీద బస్తా పెట్టారు. తేమ ఉందని కొంత, గోనె బరువని కొంత, గింజ ఉంటుందని కొంత, తూకంలోంచి తీసేశారు. ఇలా తీసేసేదాన్నే తరుగు అంటారు. అది కాక శాంపిలు. మేం కూడా శాంపిలు తీస్తాం, ఒక్క చుక్క. సావుకారు గుమాస్తా బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి తీసింది పక్క గంపలో పడుతుంది, మళ్ళీ మన మొహం చూడదు.

నాకు ఒళ్ళు మండింది.

"సావుకారూ, ఇది గింజ తీసిన పండు. దీనికి గింజ తరుగేంది?"

"అలవాటు బిడ్డా" అన్నాడాయన, కోపం లేకుండా.

ధర కిలో నాలుగు. డాక్టరు దగ్గర రెండు వందలుగా మొదలైన నా సగం జీతం మెస్సు దాటి, చెక్‌పోస్టు దాటి, కాటా ఎక్కి దిగేసరికి వంద అయింది. ఆ నెల వడ్డీకి కూడా చాలలేదు. నాయన నా భుజం తట్టి, "ఎంతో కొంత గదరా" అన్నాడు. సావుకారు కూడా సంతోషంగానే ఉన్నాడు. "నేను చెప్పలే? ఆ దిక్కు పనికి కొదవుండదని" అన్నాడు.

ఆ తర్వాత ప్రతి ఎండాకాలమూ ఇదే తంతు. నాలుగో పంటకు ఆకుముడత తగిలి మిర్చి చేను ముడుచుకుపోయింది. వడ్డీ కూడా కట్టలేక బాకీ ఏడు వేలు దాటి పైకి పోయింది. ఆ వానాకాలం నేను ఇంటికి పోతే అమ్మ కాగితం సంగతి అడగలేదు. అదే నన్ను భయపెట్టింది. చేను గట్టు మీద కూర్చుని ఉంటే నేనే పోయి పక్కన కూర్చున్నాను.

"మొన్న సావుకారు మనిషి వచ్చిండు" అంది. "చేను చుట్టు నడిచి చూసి పోయిండు. ఏమన్నా అడుగుతడేమో అనుకున్న. ఏమడగలే. బావిల నీళ్ళు చూసి పోయిండు."

నేను ఆ రోజే తిరుగు బస్సెక్కి పోయి డాక్టరు ముందు నిలబడ్డాను, ఈసారి వంగకుండా. జీతం పెంచండి సార్, అంతా డబ్బుగా ఇవ్వండి సార్ అన్నాను. డాక్టరు సాలోచనగా తల ఊపాడు.

"పెంచుదామయ్యా. ఈ ఏడు నుంచి ఇప్పపువ్వు కూడా పట్టుకుపో."

ఐదో పంట. ఇదే చివరిది. చేను మటుకు దేవుడి దయవల్ల బాగా కాసింది. కోసి కల్లంలో ఎండబోశారు. అందరి కల్లాలూ ఎర్రగా ఉన్న వేళ, ఒక మధ్యాహ్నం మబ్బు పట్టింది. అమ్మ చర్చి అయ్యగారి దగ్గరికి పరిగెత్తిందట. తాళం తియ్యమంది. ఆయన తటపటాయిస్తే, "ఆదివారం స్తోత్రం నేనే గట్టిగ చెప్త, ముందు తలుపు తియ్యుండ్రి" అందట. నాయన, అమ్మ, చెల్లె కాయ మొత్తం మోసి చర్చి గచ్చు మీద బెంచీల మధ్య పరిచారు. తడి మబ్బు కదలకుండా వారాల తరబడి కురిసింది. ఊరందరి కాయ నల్లబడి బూజు పట్టింది. మా కాయ దేవుడి ఎదుట నిగనిగలాడింది. ఆ ఆదివారాలు పాటకు పది తుమ్ములు, ప్రసంగానికి ఇరవై. అయ్యగారు కళ్ళు తుడుచుకుంటూ వాక్యం చెప్తుంటే ఎవరైనా చూస్తే ఎంత భక్తో అనుకుంటారు.

మంచి కాయ దొరక్క ధర అమాంతం లేచింది. ఎండలు ముదిరాక నలుగురం ఖమ్మం పోయాం. నాయన, అమ్మ, కోటు వేసుకున్న నేను, అప్పుడే పదో తరగతి పాసైన చెల్లె. సావుకారు తరుగు తీశాడు, శాంపిలు తీశాడు, హమాలీ, కమీషను తీశాడు. ఎన్ని తీసినా బాకీ తీరి కాస్త మిగిలింది. ఇంకేమైనా తీయొచ్చేమోనని కాసేపు ఆలోచించి, ఏమీ తట్టక, ఇనప్పెట్టె తెరిచాడు. అమ్మ కాగితం అమ్మ చేతికి వచ్చింది. అమ్మ దాన్ని రెండు కళ్ళకూ అద్దుకుని, కొంగున ముడేసి, ఆ ముడిని గుప్పిట్లో పట్టుకుంది. నాకు ఏడుపు ఒక్కటే తక్కువ.

సావుకారు చెల్లె వైపు చూశాడు.

"చిన్నది ఏం చేస్తది?"

ఈ ప్రశ్న నాకు తెలుసు.

"నర్సు ట్రైనింగుకు పోత" అంది చెల్లె, నాయన నోరు తెరిచేలోగా. "మిషన్ దవాఖానాల సీటొచ్చింది. ఐదు వేలు కట్టాలె."

నాయనకూ నాకూ ఆ కబురు అప్పుడే తెలిసింది. అమ్మ మొహం చూస్తే మాత్రం ఆమెకు ముందే తెలుసని అర్థమైంది. సావుకారు చెయ్యి అప్పటికే గల్లాపెట్టె మీదికి పోయింది.

"వద్దు!" అని అరిచాను. "అమ్మా, ఐదేండ్ల సంది నా కాయితం, నా కాయితం అంటివి. చేతిలకొచ్చి ఇంకా వెచ్చగన్న కాలే. నా బతుకు చూసి కూడ మళ్ళ గిదేనా? ఏం మిగిలింది నాకు? చెప్పు, ఏం మిగిలింది?"

"నీకేం మిగల్లే" అంది అమ్మ. "అప్పు ఎవలు తీర్చిండ్రు? నీ కోటు తీర్చిందా? నీ చింతపండు తీర్చిందా? నా భూమి తీర్చింది. ఒకసారి తీర్చింది, ఇంకోసారి తీరుస్తది. కొడుకు కోసమైతే పెట్టొచ్చు, బిడ్డ కోసమైతే పెట్టొద్దా?" తర్వాత చెల్లె వైపు తిరిగింది. "జీతం ఎట్లిస్తరో అడిగినవా?"

"అన్నను చూసినంక అడగకుంట ఉంటనా అమ్మా? పెద్ద సిస్టరమ్మను అడిగిన. నెల నెలా పైసలే అన్నది. చింతపండు ఇయ్యరా అని కూడ అడిగిన. ఆమె నన్ను ఎగాదిగా చూసింది."

సావుకారు కాగితం కోసం చెయ్యి చాపాడు. అమ్మ ముడి విప్పలేదు. అప్పుడు మా అమ్మ చేసిన పని నాకిప్పటికీ కళ్ళ ముందుంది. కూర్చున్న చోటి నుంచే మెల్లగా తల తిప్పి పక్క దుకాణం వైపు చూసింది. పెళ్ళయి ఆ బజారుకు రావడం మొదలుపెట్టాక ఎప్పుడూ చూడని వైపు. ఆ క్షణాన మాకు ఎవరి బాకీ లేదు. పక్క దుకాణం సావుకారు తూస్తున్న బస్తా ఆపి, "ఏం అక్కా, బాగున్నవా?" అని అక్కడి నుంచే పలకరించాడు. వాళ్ళ కట్టు ఆ క్షణానికి మాకు వర్తించదు.

"వడ్డీ రెండు రూపాయలు" అంది అమ్మ, ఇటు తిరగకుండానే. "గడువు ఏడు పంటలు. గింజ లేని సరుకుకు గింజ తరుగు తీయొద్దు. కాదంటే చెప్పు సావుకారూ, పక్కోళ్ళు పిలుస్తుండ్రు."

మా సావుకారు అలవాటు అనబోయి ఆగిపోయాడు. చివరికి "రెండే ఇయ్యండ్రి" అని గొణిగాడు సావుకారు. అప్పుడు అమ్మ ముడి విప్పింది. కాగితం మళ్ళీ ఇనప్పెట్టెలోకి పోయింది. అది మా సొంతమై ఉన్నది ఒక టీ చల్లారేంత సేపు. ఆ కాస్త సేపట్లో ఒక రూపాయి వడ్డీ తగ్గింది, రెండు పంటల గడువు పెరిగింది. నేను మూడేళ్ళు మెట్ల కింద వంగి తేలేనిది అది.

కొత్త పత్రం రాశారు. అమ్మ సిరాలో బొటనవేలు అద్ది ముద్ర వేసింది. సావుకారు పత్రం నా ముందుకు తోశాడు.

"సాక్షి సంతకం నువ్వు పెట్టు డాక్టర్ సాబూ. సదువుకున్నోడివి."

నా సంతకానికి ఎవరైనా విలువ ఇవ్వడం అదే మొదలు. చెల్లె నా వైపే చూస్తోంది, వేళాకోళం లేకుండా. పెట్టాను. ఏడు వేల రూపాయల చదువు వెలగబెట్టినవాడి సంతకం కదా, బాగానే వచ్చింది.

లేవబోతుంటే అమ్మ సిరా బొటనవేలు తుడుచుకోవడానికి అటూ ఇటూ చూసింది. చీర కొంగు చూసుకుంది, అది కొత్తది. నా కోటు అంచు పట్టుకుని గట్టిగా రుద్ది తుడిచింది. తెల్లబట్ట మీద నల్లటి మరక.

"పాడైపాయె గదమ్మా, రేపు దవాఖానాకు వేసుకపోవాలె" అన్నాను.

"ఇంకెందుకన్న పనికొచ్చిందారా ఇది ఇన్నేండ్లు?" అంది. ఇంకో వేలుకు అంటిన సిరా కూడా దానికే తుడిచి, "జల్దీ నడువుండ్రి, బస్సు పోతది" అంటూ ముందు తనే దుకాణం మెట్లు దిగింది.